ఏడో నంబరు సిగ్నలింగ్: తప్పు ఏ పొరలో ఉంది?

ఫోన్ల మీద జరిగే నిఘా గురించి, బ్యాంకు ఓటీపీల దొంగతనం గురించి వార్తలు వచ్చినప్పుడల్లా వాటి చివర ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: దీనికంతటికీ కారణం దశాబ్దాల కిందటి పాత ఎస్‌ఎస్‌7 (సిగ్నలింగ్ సిస్టమ్ నంబర్ 7) ప్రోటోకాల్‌లో ఉన్న లోపమేనని. టెలిఫోన్ నెట్‌వర్కుల సిగ్నలింగ్ సందేశాలను, అంటే కాల్స్ నడపడానికి యంత్రాలు ఒకదానికొకటి పంపుకునే ఆజ్ఞలను చదివి, ఎక్కడ ఏది తెగిందో వెతికే పనిలో ఉన్నవాడిగా నాకు ఆ వాక్యంతో గట్టి పేచీ ఉంది. ఎస్‌ఎస్‌7 అనే పేరు ఒకే ప్రోటోకాల్‌కు, అంటే యంత్రాలు మాట్లాడుకునే ఒకే నియమావళికి, చెందినది కాదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్రోటోకాళ్ల దొంతరకు అది ఉమ్మడి పేరు. ఆ దొంతరలో కొన్ని పొరలు టెలికాం ఇంజనీరింగ్ మొత్తంలోనే అత్యంత శ్రద్ధతో కట్టినవి. ఒకటి రెండు పొరలు మాత్రం ఈనాటి ప్రపంచానికి ఏమాత్రం సరిపోని నమ్మకం మీద నిలబడినవి. అన్నిటినీ ఒకే పేరుతో పిలిచి, ఆ పేరుకు ‘పాతది’ అన్న విశేషణం తగిలించడం వల్ల కొత్తది రాగానే సమస్య తీరిపోతుందన్న భ్రమ కలుగుతోందనీ, ఆ భ్రమలో పడి అడగవలసిన ప్రశ్నలను అడగవలసిన వాళ్లను అడగకుండా వదిలేస్తున్నామనీ నా వాదన.

ముందు పేరు సంగతి చూద్దాం. జెనీవా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్‌లో 1993 వరకు సీసీఐటీటీ అన్న పేరుతో ఉన్న విభాగం, దేశాల మధ్య కాల్స్ నడపడానికి ఒక్కో తరంలో ఒక్కో సిగ్నలింగ్ పద్ధతిని ప్రమాణంగా నిర్ణయిస్తూ, వాటికి వరుస నంబర్లు మాత్రమే ఇచ్చుకుంటూ పోయింది. ఒకటో నంబరు వ్యవస్థ ఆపరేటర్లు చేతితో కలిపే లైన్లది. 500 హెర్ట్‌జ్ ధ్వనిని సెకనుకు 20 సార్లు తెంపుతూ పంపితే అవతలి దేశపు ఆపరేటరుకు పిలుపు తెలిసేది. రెండు, మూడు నంబర్ల గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. నాలుగోది 2040, 2400 హెర్ట్‌జ్ ధ్వనులతో యూరప్ దేశాల మధ్య నడిచింది. 1964లో ప్రమాణమైన ఐదోది సముద్రగర్భ కేబుళ్ల మీదుగా ఖండాలను కలిపింది. లైనును పట్టుకోవడానికి, వదలడానికి 2400, 2600 హెర్ట్‌జ్ ధ్వనులను, అంకెలు పంపడానికి 700 నుంచి 1700 హెర్ట్‌జ్ వరకు ఉన్న ఆరు ధ్వనులలో అంకెకు రెండేసి చొప్పున వాడింది.

ఈ ఐదింటికీ ఉన్న ఉమ్మడి గుణం ఏమిటంటే, మనిషి మాట వెళ్లే దారిలోనే యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ కూడా వెళ్తుంది. అమెరికాలో బెల్ టెలిఫోన్ వ్యవస్థ ఎక్స్ఛేంజీలను కలిపే తన దేశీయ ట్రంకు లైన్లలో వాడిన పద్ధతిదీ అదే గుణం. ఖాళీగా ఉన్న ట్రంకు మీద 2600 హెర్ట్‌జ్ ధ్వని మోగుతూ ఉంటుంది. అది ఆగిపోతే ఎవరో ఆ లైను పట్టుకున్నారని అవతలి ఎక్స్ఛేంజీ అర్థం చేసుకుంటుంది. అంకెల ధ్వనుల వివరాలను 1960 నవంబరులో బెల్ సంస్థ సాంకేతిక పత్రికే అచ్చు వేసింది, ఎందుకంటే అవి రహస్యంగా ఉంచవలసినవని అప్పటి ఇంజనీర్లకు తోచలేదు. చూపు లేని జో ఎంగ్రెసియా అనే కుర్రవాడు నోటితో ఈల వేసి ఆ ధ్వనిని పలికించి ట్రంకు లైన్లను తన వశం చేసుకున్నాడు. జాన్ డ్రేపర్ అనే ఆయనకు ‘కెప్టెన్ క్రంచ్’ అన్న మారుపేరు వచ్చింది, ఆ పేరుగల అల్పాహారపు డబ్బాలో పిల్లలకు కానుకగా ఇచ్చిన ప్లాస్టిక్ ఈల నుంచే. ఈ ధ్వనులన్నీ పలికించే ‘బ్లూ బాక్స్’ పెట్టెలు కూడా వచ్చాయి.

ఈ కథను చాలామంది కుర్రకారు చిలిపితనంగా చెప్పుకుంటారు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది వేరు. అప్పట్లో లోపం ఎక్కడుందో ఇంజనీర్లు కచ్చితంగా గుర్తించారు: చందాదారుడి గొంతు, ఎక్స్ఛేంజీకి వెళ్లే ఆజ్ఞ ఒకే తీగలో ఉండడమే ఆ లోపం. కాబట్టి మందు కూడా కచ్చితంగా పడింది: ఆజ్ఞలకు వేరే దారి వేయడం. ఆరో నంబరు వ్యవస్థ ఆ పని మొదలుపెట్టింది. 28 బిట్ల చిన్న చిన్న ముక్కలుగా, ప్రతి ముక్కలో 8 బిట్లను తప్పుల తనిఖీకి కేటాయించి, సెకనుకు 2400 బిట్ల వేగంతో ఆజ్ఞలను మాటల దారికి దూరంగా నడిపింది. డిజిటల్ ఎక్స్ఛేంజీలు రావడంతో సెకనుకు 64 కిలోబిట్ల లింకుకు తగ్గట్టు మొదటి నుంచి మళ్లీ రాసినది ఏడో నంబరు వ్యవస్థ. దాని తొలి ప్రమాణాలు 1980లో వెలువడ్డాయి. 1984లో, 1988లో విస్తరించాయి. ఆజ్ఞల దారి వేరైన చోట ఈల వేసి లైను పట్టుకునే విద్య పనికిరాకుండా పోయింది.

ఆ ఏడో నంబరును బ్రిటన్‌లో ‘సీ7’ అన్నారు, అమెరికాలో ‘ఎస్‌ఎస్‌7’ అన్నారు. మన దేశపు ప్రమాణ పత్రాల్లో, ఎక్స్ఛేంజీ గదుల్లో ‘సీసీఎస్7’ అన్న పేరు స్థిరపడింది. అంతకు ముందు మన ఎక్స్ఛేంజీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్న ‘ఎంఎఫ్‌సీ’ పద్ధతి ఆర్2 కుటుంబానిది. అంతర్జాతీయ వరుసలో దానికి నంబరు లేదు, అది ప్రాంతీయ వ్యవస్థల జాబితాలో చేరింది. పేర్ల తేడా ఉచ్చారణతోనే ఆగిపోయి ఉంటే దాని గురించి రాయవలసిన పని లేదు. ఏడో నంబరు వ్యవస్థలో ప్రతి ఎక్స్ఛేంజీకి ‘పాయింట్ కోడ్’ అనే చిరునామా ఉంటుంది. మన దేశం అనుసరించే అంతర్జాతీయ రూపంలో అది 14 బిట్లు, అంటే ఒక నెట్‌వర్కులో 16,384 చిరునామాలు. అమెరికా రూపంలో అది 24 బిట్లు, ఎనిమిదేసి బిట్ల మూడు భాగాలు. చైనా కూడా 24 బిట్లే తీసుకుంది, జపాన్ 16 బిట్లు తీసుకుంది. కాబట్టి ‘మా ఎక్స్ఛేంజీ ఎస్‌ఎస్‌7 మాట్లాడుతుంది’ అన్న వాక్యానికి ఏ దేశపు రూపమో, ఏ పొరో చెప్పేవరకు పూర్తి అర్థం రాదు. హైదరాబాదులోని ఎక్స్ఛేంజీని, చికాగోలోని ఎక్స్ఛేంజీని నేరుగా ఒక లింకుతో కలిపితే, రెండూ ఏడో నంబరు వ్యవస్థవే అయినా, ఒకదాని సందేశంలో చిరునామా ఎక్కడ ముగుస్తుందో రెండోదానికి తెలియదు.

ఇక పొరల్లోకి వెళ్దాం. అన్నిటికంటే కింద ఉన్నది ఎంటీపీ, సందేశాలను ఒక చోటి నుంచి మరో చోటికి చేర్చే భాగం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే నిందలో వాటా పంచుకుంటూ ప్రశంసలో ఏ వాటా దక్కనిది ఇదే. ఎంటీపీ రెండో స్థాయిలో ప్రతి సందేశానికీ ముందు 01111110 అనే బిట్ల గుర్తు ఉంటుంది. సందేశం లోపల ఆ గుర్తు పొరపాటున రాకుండా వరుసగా ఐదు ఒకట్లు రాగానే పంపేవైపు ఒక సున్నాను చేర్చుతారు, అందుకునేవైపు దాన్ని తీసేస్తారు. ప్రతి సందేశానికీ 7 బిట్ల వరుస సంఖ్య, చివర 16 బిట్ల తనిఖీ సంఖ్య ఉంటాయి. పంపడానికి కాల్స్ ఏమీ లేనప్పుడు కూడా లింకు మౌనంగా ఉండదు. ‘ఫిసూ’ అనే ఖాళీ యూనిట్లను ఆగకుండా పంపుతూనే ఉంటుంది. తెల్లవారుజామున మూడు గంటలకు, ఎవరూ ఫోన్ చేయని వేళలో లైను పాడైతే, ఉదయం మొదటి కాల్ తప్పిపోయేదాకా ఆగకుండా అప్పటికప్పుడే తెలిసిపోవాలన్నది దీని ఉద్దేశం. తప్పు వచ్చిన ప్రతి యూనిట్‌కూ ఒక లెక్క పెరుగుతుంది, 256 యూనిట్లు గడిచినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. ఆ లెక్క 64కు చేరితే లింకును సేవ నుంచి తప్పిస్తారు.

అప్పుడు మూడో స్థాయి పని మొదలవుతుంది. తెగిన లింకు మీద పంపినా అవతలికి చేరాయో లేదో తేలని సందేశాలు ఏవో రెండు వైపులా వరుస సంఖ్యలు చూసుకొని నిర్ధారించుకుంటారు. వాటిని నిల్వ నుంచి తీసి, క్రమం చెడకుండా, రెండోసారి పోకుండా మరో లింకు మీదకు మార్చుతారు. ఒక్క 64 కిలోబిట్ల లింకు వెయ్యికి పైగా మాటల లైన్లను అదుపు చేస్తుంది కాబట్టి ఈ జాగ్రత్త అవసరమైంది. రెండు ఎక్స్ఛేంజీల మధ్య సిగ్నలింగ్ దారులన్నీ కలిపి ఏడాదికి 10 నిమిషాలకు మించి అందుబాటులో లేకుండా పోరాదని ప్రమాణం కోరింది. వందల నెట్‌వర్కులలో, దశాబ్దాల పాటు ఈ పొర తన పని చేసుకుంటూ వచ్చింది. ఓటీపీ దొంగతనానికీ, ఈ పొరలోని ఏ ఒక్క బిట్‌కూ సంబంధం లేదు.

ఈ వ్యవస్థ కుప్పకూలిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరప్రాంత నెట్‌వర్కు తొమ్మిది గంటల పాటు స్తంభించింది. ఒక ఎక్స్ఛేంజీ చిన్న లోపం నుంచి కోలుకొని తాను తిరిగి సిద్ధంగా ఉన్నానని తెలిసేలా సందేశాలు పంపగా, వాటిని అందుకున్న పొరుగు ఎక్స్ఛేంజీ ఒక సందేశం మీద పని చేస్తుండగానే రెండోది రావడంతో తానూ ఆగి మళ్లీ మొదలైంది. అది కోలుకొని పంపిన సందేశాలు మరో ఎక్స్ఛేంజీని పడగొట్టాయి. అలా 114 ఎక్స్ఛేంజీలకు ఈ అంటు తిరిగింది. కారణం ఆ ఎక్స్ఛేంజీల కోసం సీ భాషలో రాసిన ప్రోగ్రాములో తప్పు చోట పడ్డ ఒక ‘బ్రేక్’ ఆజ్ఞ. 1991 జూన్‌లో వాషింగ్టన్, లాస్ ఏంజెలెస్ ప్రాంతాల్లో ఫోన్లు మూగబోయినప్పుడు, సిగ్నలింగ్ సందేశాలను మళ్లించే యంత్రపు ప్రోగ్రాములో ‘డీ’ ఉండవలసిన చోట ‘6’ పడిందని తేలింది. ఈ రెండు సందర్భాల్లోనూ విచారించినవాళ్లు ‘సిగ్నలింగ్ వ్యవస్థే లోపభూయిష్టం’ అని చేతులు దులుపుకోలేదు. ఏ యంత్రం, ఏ ప్రోగ్రాము, ఏ వరుస అన్నంత దాకా వెళ్లారు. ఇప్పటి నిఘా వార్తల్లో కరువైంది సరిగ్గా ఆ ఓపికే.

ఎంటీపీ మీద కూర్చున్న పొరలలో మనకు అన్నిటికంటే పరిచయమైనది, పేరు తెలియకపోయినా, ఐఎస్‌యూపీ. కాల్‌ను కట్టేదీ విప్పేదీ అదే. మనం నంబరు నొక్కగానే ఎక్స్ఛేంజీ ‘ఐఏఎం’ అనే తొలి సందేశం పంపుతుంది. పిలవవలసిన నంబరు, పిలిచినవారి నంబరు, ఏ లైను మీద మాట వెళ్లాలో చెప్పే 12 బిట్ల సంఖ్య అందులో ఉంటాయి. అవతలి ఫోన్ దొరికి రింగవుతుంటే ‘ఏసీఎం’ వెనక్కి వస్తుంది. ఎత్తితే ‘ఏఎన్‌ఎం’ వస్తుంది, ఛార్జీ లెక్క అక్కడ మొదలవుతుంది. పెట్టేస్తే ‘ఆర్‌ఈఎల్’ వెళ్తుంది, దానిలో కారణపు సంఖ్య ఉంటుంది: మామూలుగా పెట్టేస్తే 16, అవతలివారు వేరే కాల్‌లో ఉంటే 17, అసలు అలాంటి నంబరే లేకపోతే 1, లైను ఖాళీ లేకపోతే 34. ‘ఈ మార్గంలోని అన్ని లైన్లు బిజీగా ఉన్నాయి’ అని మనకు వినిపించే గొంతు వెనక ఉండేది తరచుగా ఆ 34.

ఏసీఎం వచ్చి ఏఎన్‌ఎం రాని ఆ మధ్య కాలం మన దేశంలో ఒక సంస్కృతినే పెంచింది. ‘బస్సు దిగాక మిస్డ్ కాల్ ఇవ్వు’ అని చెప్పుకున్నవాళ్లందరూ తెలియకుండానే సిగ్నలింగ్ నెట్‌వర్కును ఉచిత సందేశ వాహనంగా వాడుకున్నారు. పిలిచినవారి నంబరు తొలి సందేశంలోనే చేరిపోతుంది కాబట్టి మాట అవసరం లేదు, ఎత్తలేదు కాబట్టి ఛార్జీ లేదు. కాలర్ ట్యూన్లు మోగేది కూడా ఆ వ్యవధిలోనే. కాల్ ఇంకా మొదలు కాకుండానే వెనక దిశలో ధ్వని దారి తెరిచి, రింగు బదులు పాట పంపుతారు. 2019లో ఈ వ్యవధి పెద్ద వ్యాపార తగాదాకు కూడా కారణమైంది. ఒక సంస్థ చందాదారు మరో సంస్థ చందాదారుకు కాల్ చేస్తే మొదటి సంస్థ రెండోదానికి నిమిషానికి 6 పైసలు చెల్లించవలసిన రోజులవి. రింగు త్వరగా ఆగిపోతే అవతలివారు మిస్డ్ కాల్ చూసి తిరిగి చేస్తారు, అప్పుడు డబ్బు వచ్చే దిశ మారుతుంది. సంస్థలు రింగు వ్యవధిని 20, 25 సెకన్లకు కుదించడం మొదలుపెట్టాక, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 నవంబరులో మొబైల్‌కు 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కు 60 సెకన్లు ఉండాలని నిర్ణయించింది. రెండు సందేశాల మధ్య గడువును దేశపు నియంత్రణ సంస్థ కూర్చొని నిర్ణయించవలసి వచ్చిందంటే ఈ వివరాలు ఇంజనీర్ల సొంత సంగతులని ఎవరు అనగలరు?

ఐఎస్‌యూపీలో బలహీనత లేకపోలేదు. తొలి సందేశంలో ఉండే పిలిచినవారి నంబరు, పంపిన నెట్‌వర్కు చెప్పిన మాట మాత్రమే. ఆ నంబరును ఎవరు ఇచ్చారో, తనిఖీ చేశారో లేదో చెప్పే రెండు బిట్ల గుర్తు పక్కనే ఉన్నా, దాని వెనక ఏ సంతకమూ ఉండదు. విదేశాల నుంచి +91 నంబరు కనిపించేలా వచ్చే మోసపు కాల్స్ దీని మీదే ఆధారపడ్డాయి. కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 22న ప్రారంభించిన నిరోధక వ్యవస్థ ఈ విషయాన్నే పట్టుకుంది: విదేశీ గేటు నుంచి వచ్చిన కాల్ భారతీయ నంబరును చూపిస్తే, ఆ చందాదారు నిజంగా విదేశంలో రోమింగ్‌లో ఉన్నారా లేదా అని చూస్తారు, లేకపోతే ఆపేస్తారు. మొదటి 24 గంటల్లోనే దాదాపు 1.35 కోట్ల కాల్స్ ఆగాయని ప్రభుత్వం ప్రకటించింది. ప్రోటోకాల్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. ఏ సందేశంలో ఏ గడి అబద్ధం చెప్పగలదో గుర్తించి, ఆ గడికి కాపలా పెట్టారు. నేను కోరుతున్నది ఇలాంటి కచ్చితత్వమే.

అసలు ప్రమాదం నివసించే పొరకు ఇప్పుడు వద్దాం. ఐఎస్‌యూపీ పక్కనే, ఎంటీపీ మీదే మరో దొంతర ఉంది: చిరునామాలు చూసే ఎస్‌సీసీపీ, దాని మీద ప్రశ్నకు జవాబును జోడించే టీసీఏపీ, దాని మీద ‘మ్యాప్’. మొబైల్ ఫోన్ మనిషితో పాటు తిరుగుతుంది కాబట్టి, ఆ మనిషి ఇప్పుడు ఏ ఊరి ఎక్స్ఛేంజీ పరిధిలో ఉన్నాడో సొంత నెట్‌వర్కులోని హెచ్‌ఎల్‌ఆర్ అనే రిజిస్టరుకు ఎప్పటికప్పుడు చెప్పాలి, కాల్ వస్తే దాన్ని అడగాలి, ఎస్సెమ్మెస్ వస్తే ఎక్కడికి పంపాలో తెలుసుకోవాలి. ఈ సంభాషణ అంతా మ్యాప్ సందేశాలలో జరుగుతుంది. దేశాల సరిహద్దులు దాటి వెళ్లడానికి పాయింట్ కోడ్ చాలదు గనుక, మామూలు ఫోన్ నంబరు రూపంలో ఉండే ‘గ్లోబల్ టైటిల్’ అనే చిరునామాను ఎస్‌సీసీపీ వాడుతుంది. హైదరాబాదు నుంచి దుబాయి వెళ్లి విమానం దిగి ఫోన్ వెలిగించిన మనిషి నంబరు కొద్ది సెకన్లలో పనిచేయడం వెనక ఉన్నది ఈ పొరల కష్టమే.

మ్యాప్ రాసిన రోజుల్లో ఈ నెట్‌వర్కులోకి ప్రవేశం ఉన్నది కొద్దిపాటి టెలిఫోన్ సంస్థలకే, వాటిలో చాలావరకు ప్రభుత్వ శాఖలకే. ‘ఈ చందాదారు ఇప్పుడు నా దగ్గర ఉన్నాడు’ అని ఒక నెట్‌వర్కు సందేశం పంపితే సొంత నెట్‌వర్కు దాన్ని నమ్మేలా రూపొందించారు. ఆ సందేశం పేరు ‘అప్‌డేట్ లొకేషన్’. దాన్ని అబద్ధంగా పంపగలిగినవాడు మీ ఎస్సెమ్మెస్‌లను తన వైపు తిప్పుకోగలడు. ‘ఈ నంబరుకు ఎస్సెమ్మెస్ పంపాలి, ఎక్కడికి పంపను’ అని అడిగే సందేశానికి జవాబుగా ఆ సిమ్ అంతర్గత సంఖ్య, ప్రస్తుతం సేవ చేస్తున్న ఎక్స్ఛేంజీ చిరునామా వస్తాయి. అంటే ఎస్సెమ్మెస్ పంపకుండానే మనిషి ఏ ప్రాంతంలో ఉన్నాడో అంచనా వేయవచ్చు. టోబియాస్ ఎంగెల్ అనే జర్మన్ పరిశోధకుడు దీన్ని 2008లోనే బెర్లిన్‌లో బహిరంగంగా చూపించాడు. 2014 డిసెంబరులో హాంబర్గ్‌లో ఆయన, మరో పరిశోధకుడు కార్స్‌టెన్ నోల్ వేర్వేరుగా మరింత వివరంగా చూపించారు. 2017లో జర్మనీలో ఈ దారిన కొందరి బ్యాంకు ఖాతాల నుంచి డబ్బు పోయిందని అక్కడి ఓ2 టెలిఫోనికా సంస్థ ధ్రువీకరించింది. దొంగలు ముందుగా ఖాతాల పాస్‌వర్డులను వేరే మార్గంలో సంపాదించి, ఓటీపీ సందేశాలను మాత్రం సిగ్నలింగ్ ద్వారా మళ్లించుకున్నారు.

తపాలా శాఖ ఉత్తరాన్ని చిరగకుండా, ఆలస్యం కాకుండా చేర్చగలదు గానీ లోపల రాసింది నిజమేనని పూచీ ఇవ్వలేదు. ఎంటీపీకీ మ్యాప్‌కూ ఉన్న తేడా అదే. అయితే మ్యాప్‌ను కూడా ‘పాత ప్రోటోకాల్’ అని తీసిపారేయడానికి నేను ఒప్పుకోను. మ్యాప్ సందేశాలకు గూఢలిపి రక్షణ ఇచ్చే ‘మ్యాప్‌సెక్’ అనే ప్రమాణాన్ని 2000ల మొదట్లోనే రాశారు. దాన్ని అమలు చేయడానికి సంస్థలు ముందుకు రాలేదు. అంతర్జాతీయ మొబైల్ సంస్థల సంఘం జీఎస్ఎంఏ తన ఎఫ్‌ఎస్.11 మార్గదర్శకాల్లో ఈ సందేశాలను మూడు తరగతులుగా విడదీసింది. సొంత నెట్‌వర్కు లోపలే తిరగవలసినవి, బయటి నుంచి వస్తే నిరభ్యంతరంగా పారేయదగినవి మొదటి తరగతి. మన దగ్గరికి రోమింగ్‌కు వచ్చినవారి గురించి వాళ్ల సొంత నెట్‌వర్కు మాత్రమే పంపదగినవి రెండోది. బయటికి వెళ్లిన మన చందాదారు గురించి బయటి నెట్‌వర్కు నుంచి న్యాయంగానే వచ్చేవి మూడోది. ‘అప్‌డేట్ లొకేషన్’ ఈ తరగతిదే. పది నిమిషాల కిందట విజయవాడలో ఉన్న ఫోన్ ఇప్పుడు వేరే ఖండంలో ఉందని చెప్పే సందేశాన్ని అనుమానించడానికి వెనకటి స్థలంతో పోల్చి చూడాలి. మొదటి తరగతిని ఆపడం చాలా సులభం, మూడోదానికి ఖర్చు, శ్రద్ధ కావాలి. ఏ సంస్థ ఏ తరగతి దాకా కాపలా పెట్టిందన్నదే చందాదారుకు కావలసిన సమాచారం. ‘ఎస్‌ఎస్‌7 లోపం’ అన్న పేరు ఆ ప్రశ్నను పుట్టనివ్వదు.

ఇంకో సంగతి ఉంది. గ్లోబల్ టైటిళ్లను కొన్ని సంస్థలు మూడో వ్యక్తులకు అద్దెకిచ్చాయి. తన పేరు మీద ఉన్న చిరునామాను ఎవరికో ఇచ్చి, వాళ్లు పంపే సందేశాలకు బాధ్యత వహించకపోవడం ఏ ప్రమాణ పత్రంలోనూ లేని లోపం. అది వ్యాపార నిర్ణయం. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 ఏప్రిల్‌లో తన దేశపు నంబర్లకు ఈ అద్దెను నిషేధించింది. ప్రోటోకాల్ వయసును నిందిస్తూ కూర్చుంటే ఈ నిషేధం ఎవరికీ తట్టేది కాదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన దగ్గర ఓటీపీలు పోతున్నవి ఎక్కువగా ఈ దారిన కాదు. మాయమాటలతో చెప్పించుకోవడం, ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కించడం, నకిలీ పత్రాలతో మరో సిమ్ తీసుకోవడం వంటి దారులు దొంగలకు చవక. సిగ్నలింగ్ మీద దాడి ఎంచుకున్న మనిషి మీద గురిపెట్టి జరుగుతుంది కాబట్టి సంఖ్యలో తక్కువ. కానీ ఆ మనిషి ఏ జాగ్రత్త తీసుకున్నా తప్పించుకోలేని రకం, తనకు జరిగిందని కూడా తెలియని రకం. చందాదారు చేతిలో ఏమీ లేని చోట సంస్థ బాధ్యత మరింత పెరుగుతుంది కదా.

ఎస్సెమ్మెస్ గురించి ఎలాగూ చెప్పుకుంటున్నాం కాబట్టి తెలుగువాళ్లకు సూటిగా తగిలే ఒక వివరం. సందేశం సిగ్నలింగ్ ముక్కలోనే ప్రయాణించాలి కాబట్టి దాని పరిమాణం 140 బైట్లు. ఏడేసి బిట్ల ఇంగ్లిష్ అక్షరాలైతే అందులో 160 పడతాయి. తెలుగుకు 16 బిట్ల సంకేతాలు వాడాలి గనుక 70 మాత్రమే పడతాయి. అందులోనూ ‘పూర్తి’ అన్న చిన్న మాటకే ఆరు ఖర్చవుతాయి. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ ప్రమాణంలో తెలుగుకు 12వ నంబరుతో సొంత ఏడు బిట్ల పట్టిక ఉంది, దానితో 150కి పైగా సంకేతాలు పడతాయి. అయినా ఆచరణలో తెలుగు సందేశాలు ఎక్కువగా 70 లెక్కనే నడుస్తున్నాయి. ఇక్కడ కూడా కాగితం మీది ప్రమాణం సిద్ధంగానే ఉంది, అమలే జరగలేదు.

కొత్త తరాలు వస్తే పాతది పోతుంది కదా అన్నవారికి నా జవాబు 4జీ చరిత్రలోనే ఉంది. 4జీలో మ్యాప్ స్థానంలోకి వచ్చిన ప్రోటోకాల్ పేరు ‘డయామీటర్’. అంతకు ముందున్న ‘రేడియస్’ అనే ప్రోటోకాల్ పేరుకు అర్థం వ్యాసార్ధం, దానికి రెండింతలు వ్యాసం అన్న లెక్కతో పెట్టిన పేరది. తొలి ప్రమాణం 2003లో వచ్చింది, ఆధునికమైనది, ఇంటర్నెట్ వాడే ఐపీ మీద నడుస్తుంది. కానీ రోమింగ్ కోసం దాని మీద నిర్మించిన సందేశాల పేర్లు చూస్తే మ్యాప్‌లో ఉన్న ‘అప్‌డేట్ లొకేషన్’ అక్కడ ‘అప్‌డేట్ లొకేషన్ రిక్వెస్ట్’గా కనిపిస్తుంది, ధ్రువీకరణ సమాచారం అడిగే సందేశానికీ జోడీ దొరుకుతుంది, రెండింటి మధ్య అనువాదం చేసే యంత్రాలు ఉండడం సాధ్యమైంది అందుకే. రక్షణ ఉన్నా అది ఒక్కో అంచెకు మాత్రమే. మూలంలో ఉన్న నెట్‌వర్కు నిజంగా ఆ మాట అన్నదా అని చివరి నెట్‌వర్కు తేల్చుకునే ఏర్పాటు లేదు. పాత నమ్మకం కొత్త బట్టలతో దాటి వచ్చింది. జీఎస్ఎంఏ డయామీటర్‌కు కూడా ఎఫ్‌ఎస్.19 పేరుతో కాపలా మార్గదర్శకాలు రాయవలసి వచ్చింది.

పైగా పాతది పోలేదు కూడా. 2016 సెప్టెంబరులో 2జీ, 3జీ ఏమీ లేకుండా కేవలం 4జీతో జియో మొదలైనప్పుడు, ఇతర సంస్థలతో కలిపే లైన్లు చాలడం లేదన్న తగాదా ట్రాయ్ దాకా వెళ్లింది. ఆ లైన్లు ఈ1 అనే డిజిటల్ సర్క్యూట్లు, వాటి మీద కాల్‌ను కట్టేది ఐఎస్‌యూపీ. పల్లెల్లో, పట్టణాల్లో మామూలు బటన్ ఫోన్లు వాడేవారు ఉన్నంతకాలం 2జీ ఉంటుంది, 2జీ ఉన్నంతకాలం మ్యాప్ ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు ఎస్సెమ్మెస్ ఓటీపీకి తోడుగా ఇతర ధ్రువీకరణ మార్గాలను ప్రోత్సహించాయి. ఎస్సెమ్మెస్ ఓటీపీని రద్దు చేయలేదు.

5జీ ప్రమాణంలో ఈ విషయాన్ని నేరుగా ఎదుర్కొన్నారు. సందేశాలు వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీ/2 మీద నడుస్తాయి, ప్రతి నెట్‌వర్కు సరిహద్దులో ‘సెప్’ అనే కాపలా ద్వారం ఉంటుంది, రెండు దేశాల సెప్‌లు గూఢలిపితో మాట్లాడుకుంటాయి. ఆ గూఢలిపికి రెండు పద్ధతులను ప్రమాణం అనుమతించింది. ఒకదానిలో రెండు నెట్‌వర్కుల మధ్య నేరుగా టీఎల్ఎస్ అనే గూఢలిపి రక్షణ ఉంటుంది, మధ్యలో ఎవరూ సందేశాన్ని చూడలేరు. ‘ప్రిన్స్’ అనే రెండోదానిలో రోమింగ్ మధ్యవర్తి సంస్థలు కొన్ని భాగాలను చూడవచ్చు, అనుమతి మేరకు మార్చవచ్చు, అయితే ఎవరు ఏమి మార్చారో సంతకంతో సహా నమోదవుతుంది. మన దేశపు సంస్థలు విదేశీ సంస్థలతో 5జీ రోమింగ్ ఒప్పందాలు రాసుకునేటప్పుడు ఈ రెండిట్లో ఏది ఎంచుకుంటున్నాయో, మ్యాప్, డయామీటర్ సందేశాల్లో ఏ తరగతి దాకా వడపోస్తున్నాయో, తమ గ్లోబల్ టైటిళ్లలో ఏవైనా అద్దెకు ఇచ్చాయో ఏటా ప్రకటించాలని ట్రాయ్ అడగాలి. ట్రాయ్ సంప్రదింపు పత్రాలకు పౌరులెవరైనా అభిప్రాయం పంపవచ్చు. నేను పంపే అభిప్రాయంలో ఎస్‌ఎస్‌7 అన్న పేరు ఉండదు, ఈ మూడు ప్రశ్నలు ఉంటాయి.